వరంగల్ కాలేజీలు: గేటు బయట మార్కులు

కౌన్సెలింగ్ మొదలైతే హన్మకొండ చౌరస్తాలో కొత్త మొహాలు కనిపిస్తాయి. తండ్రి చేతిలో ఫైలు, తల్లి చేతిలో టిఫిన్ సంచి, వెనక ఫోన్ చూసుకుంటూ కొడుకో బిడ్డో. పొద్దున ఒక కాలేజీ, మధ్యాహ్నం ఇంకో కాలేజీ, సాయంత్రానికి హైదరాబాద్ పోయే ఉప్పల్ బస్సు. లోపల ఏం చూడాలో అందరికీ తెలుసు: ల్యాబులు, లైబ్రరీ, ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ. కాలేజీలకు జాతీయ స్థాయిలో ఇచ్చే న్యాక్ గ్రేడు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు ఇంట్లో కూర్చుని కూడా చూసుకోవచ్చు. గేటు బయట ఉన్నదానికి మాత్రం ఎవరూ గ్రేడు ఇవ్వరు. పిల్లలు క్లాసులో ఉండేది రోజుకు ఆరేడు గంటలు. మిగతా పదిహేడు గంటలు ఆ కాలనీలో, ఆ రోడ్డు మీద, ఆ హాస్టల్ మెట్ల మీద గడుస్తాయి. ఈ రివ్యూ ఆ పదిహేడు గంటల గురించి. లోపలి చదువుకు ఇక్కడ మార్కులు లేవు.

ముందు ఎప్పుడు రావాలో చూద్దాం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మే, జూన్ నెలల్లో వస్తే హాస్టళ్లు ఖాళీగా, కొత్త సున్నంతో, ఓనర్ చిరునవ్వుతో కనిపిస్తాయి. ఖాళీ హాస్టల్లో నీళ్ల కరువు తెలియదు, బాత్రూం ముందు లైను కనిపించదు. సద్దుల బతుకమ్మ నుంచి దసరా దాకా ఊరు పండగలో ఉంటుంది, విద్యార్థులు ఇళ్లలో ఉంటారు. అప్పుడొస్తే వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మలు చూసి పోవచ్చు గానీ కాలనీ గురించి ఏమీ తెలియదు. మేడారం జాతర ఉన్న ఏడాది జాతర వారం అసలు పెట్టుకోవద్దు. రెండేళ్లకోసారి వచ్చే ఆ వారం హన్మకొండ బస్సులు మేడారం దారి పడతాయి, ఆటో దొరకదు, లాడ్జి దొరకదు. మంచి సమయం జులై చివర, ఆగస్టు. మంగళవారమో బుధవారమో, సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా. వాన పడుతుంటే ఇంకా మంచిది, గొడుగు తెచ్చుకోండి. పొద్దున పదకొండు గంటలకు ప్రతి కాలనీ బాగానే ఉంటుంది.

రైల్లో వచ్చేవాళ్లకు ఒక జాగ్రత్త. ఇక్కడ రెండు పెద్ద స్టేషన్లు ఉన్నాయి, ఒకదాని బదులు ఇంకోటి పట్టుకుంటే గంట పోతుంది. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగి బల్లార్షా లైనుకు తిరుగుతుంది, వరంగల్ స్టేషన్‌కు రాదు. చెన్నై–ఢిల్లీ తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది. ఎన్‌ఐటీకి పోవాలంటే కాజీపేట దగ్గర, ఆటోలో పది నిమిషాలు. వరంగల్ స్టేషన్‌లో దిగితే పది కిలోమీటర్లు దాటుతుంది, పైగా ఊరంతా అడ్డం పడి రావాలి. ఎంజీఎం ఆస్పత్రి, మెడికల్ కాలేజీ వైపు పనుంటే మాత్రం వరంగల్ స్టేషనే. నాలుగేళ్లపాటు సెలవుకు ఇంటికి పోయి వచ్చే దారి ఇది. కాబట్టి మీ ఊరి రైలు ఏ స్టేషన్‌లో ఆగుతుందో కాలేజీ చూసే రోజే తెలుసుకోండి.

కాజీపేట–ఫాతిమానగర్ వైపు

ఎన్‌ఐటీ 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది. నెహ్రూ శంకుస్థాపన చేశారు. 2002లో ఎన్‌ఐటీ అయింది. పాతవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే అంటారు, ఆటోవాళ్లకు ఆ పేరు చెప్పినా తెలుస్తుంది. విద్యార్థులు లోపలి హాస్టళ్లలోనే ఉంటారు కాబట్టి ఇక్కడ గేటు బయట హాస్టళ్ల గుంపు కనిపించదు. టిఫిన్ బండ్లు, జిరాక్స్, బైకు మెకానిక్, రాత్రి తిండి దొరికే నాలుగు చోట్లు, అంతే. గది వెతికే బాధ లేదు, ఓనర్‌తో బేరం లేదు. ఈ వైపుకు అదే పెద్ద బలం.

రెండో బలం భాష. సగం సీట్లు తెలంగాణకు, మిగతా సగం బయటి రాష్ట్రాలకు. ఆంధ్రా పిల్లలు కూడా ఈ రెండో సగంలోకే వస్తారు, వాళ్ల సొంత ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెంలో ఉంది. ఇక కాజీపేట రైల్వే ఊరు. లోకో షెడ్డు, క్వార్టర్లు, తరతరాలుగా నాలుగు రాష్ట్రాల ఉద్యోగులు. ఫాతిమానగర్‌లో చర్చి, అటుపక్క కాజీపేట దర్గా. కూరగాయల బండి దగ్గర హిందీలో అడిగితే హిందీలోనే జవాబు వస్తుంది. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన పిల్లలు మొదటి నెలలో బెంగపడేది ఎక్కువగా మాట కలవకే. ఇక్కడ ఆ బెంగ తక్కువ.

లోపాలు రెండున్నాయి. హన్మకొండ–కాజీపేట మెయిన్ రోడ్డు గేటు ముందు నుంచే పోతుంది. రాత్రి ఎనిమిది దాటాక రోడ్డు ఖాళీ అవుతుంది, బండ్ల వేగం పెరుగుతుంది. టిఫిన్‌కు అవతలికి దాటేటప్పుడే ప్రమాదం. ఒక పది నిమిషాలు అక్కడే నిలబడి జనం ఎక్కడ దాటుతున్నారో చూడండి. డివైడర్‌లో సందు ఉన్నచోట దాటితే, అదే సందులో యూటర్న్ తీసుకునే బండ్లూ ఉంటాయి. రెండోది కుక్కలు. 2023 మేలో కాజీపేట రైల్వే కాలనీ దగ్గర కుక్కల దాడిలో ఒక పిల్లవాడు చనిపోయాడు. చెత్తకుండీ, మాంసం దుకాణం ఉన్న మూలలే గుంపులకు అడ్డాలు. పొద్దున ఐదింటికి పరుగెత్తే అలవాటున్న పిల్లలు ఆ మూలలు తప్పించుకోవాలి, క్యాంపస్ లోపలే పరుగెత్తడం మేలు. సాయంత్రం నడకకు వడ్డేపల్లి చెరువు కట్ట ఉంది, ఈ వైపు ఇంత మంచి గాలి ఇంకెక్కడా లేదు. పదికి ఎనిమిది.

కేయూ క్రాస్, నయీంనగర్, కిషన్‌పుర

ఇది పూర్తిగా వేరే లోకం. కాకతీయ యూనివర్సిటీ 1976లో ఏర్పడింది, అంతకు ముందు ఉస్మానియాకు పీజీ సెంటర్‌గా ఉండేది. వందల ఎకరాల క్యాంపస్, చెట్లు, లోపల ఎండలో కూడా నడవగలిగే దారులు. క్రాస్ రోడ్డు దగ్గరికొస్తే ఒకదాని మీద ఒకటి బోర్డులు: డిగ్రీ కాలేజీ, కోచింగ్, బాయ్స్ హాస్టల్, విమెన్స్ హాస్టల్, స్టడీ హాల్, కర్రీ పాయింట్. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్‌కు చదివేవాళ్లు ఏళ్లకేళ్లు ఇక్కడే ఉంటారు. అందుకే తక్కువ కిరాయికి గది, సెకండ్‌హ్యాండ్ పుస్తకం, రాత్రి పదకొండింటికి చాయ్ ఈ ఊళ్లో దొరికేది ఇక్కడే. జిరాక్స్ రేటు కూడా పోటీ మీద తగ్గుతుంది. పీజీ విద్యార్థికి, ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు ఉత్తర తెలంగాణలో చూపించడం కష్టం.

ఇబ్బంది నీళ్లతో. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. హంటర్ రోడ్డు వైపు కాలనీలూ మునిగాయి, 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. కారణం కొత్తది కాదు. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే అలుగు దూకి కింది చెరువుకు పోవాలి. ఆ పోయే దారిలో ప్లాట్లు పడ్డాయి. నీళ్లు పాత దారి మరచిపోవు, గల్లీలోంచి పోతాయి. తర్వాత నాలా పక్క గోడలు కట్టారు, పాత వంతెన తీసేసి కొత్తది వేశారు. అయినా గది చూసేటప్పుడు నాలుగు విషయాలు మీ కళ్లతో చూడండి. గోడ మీద మోకాలెత్తున మడ్డి గీత ఉందా, లేక అంత ఎత్తు వరకే కొత్త రంగు వేసి ఉందా? పక్కింట్లో ఫ్రిజ్‌ను ఇటుకల మీద పెట్టారా? మోటరు స్టార్టర్ ఎంత ఎత్తులో బిగించారు? సంపు మూత నేలకు సమానంగా ఉందా, అడుగు ఎత్తులో ఉందా? స్టార్టర్ తల ఎత్తున ఉండి, సంపు చుట్టూ గట్టు కట్టి ఉంటే ఆ ఇల్లు ఒకసారి మునిగినట్టే. ఓనర్ లేదంటాడు, స్టార్టర్ అబద్ధం చెప్పదు. మొదటి అంతస్తులో గది తీసుకుంటే సామాను దక్కుతుంది గానీ, సంపులోకి మోరీ నీళ్లు చేరితే తాగే నీళ్లు అన్ని అంతస్తులకూ పోయినట్టే.

ఇంకొకటి, కేయూ చుట్టూ ధర్నాలు, బంద్‌లు మామూలే. తెలంగాణ ఉద్యమంలో ఈ క్యాంపస్ ముందు నిలిచింది, ఆ ఊపు ఇప్పటికీ ఉంది. కొందరు తల్లిదండ్రులు దీన్ని లోపంగా లెక్కేస్తారు. బస్సు ఆగితే ఒక పూట క్లాసు పోతుంది, అంతకు మించి నష్టం లేదు. మార్కులు తీసేంత విషయం కాదు. ఎత్తు మీద ఉన్న గల్లీలకు ఎనిమిది, నాలా పక్క గల్లీలకు నాలుగు. ఒకే కాలనీకి రెండు మార్కులు వేయడం విచిత్రమే, కానీ మూడు వందల మీటర్లలో ఇంత తేడా ఉంది.

భీమారం నుంచి హసన్‌పర్తి దాకా

కరీంనగర్ రోడ్డు మీద ఎర్రగట్టు గుట్ట దగ్గర కిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ (1980లో మొదలైంది), ఇంకా ముందుకు పోతే అనంతసాగర్‌లో ఎస్‌ఆర్ యూనివర్సిటీ. ఈ దారి జాతీయ రహదారి 563. కరీంనగర్–వరంగల్ మధ్య 68 కిలోమీటర్లు నాలుగు వరుసలుగా వెడల్పు చేసే పనికి 2023 జులైలో శంకుస్థాపన జరిగింది. హైవే పని అంటే దుమ్ము, డైవర్షన్, రాత్రి లైటు లేని మలుపు. బైకు కొనిపెట్టమని కొడుకు అడిగితే ఈ రోడ్డును రాత్రి ఎనిమిదికి ఒకసారి చూసి అప్పుడు జవాబు చెప్పండి.

ఇక్కడ అసలు పరీక్ష బస్సుది. కాలేజీ బస్సు పొద్దున తెస్తుంది, సాయంత్రం ఒకే టైముకు పోతుంది. ల్యాబ్ ఆలస్యమైనా, లైబ్రరీలో కూర్చున్నా, క్లబ్ పనిలో ఉన్నా ఆ బస్సు పోయినట్టే. తర్వాత దిక్కు ఆర్టీసీ, షేర్ ఆటో. సాయంత్రం ఐదున్నరకు స్టాపులో నిలబడి, వచ్చిన బస్సులు ఎన్ని, ఆగినవి ఎన్ని, ఎక్కగలిగినవి ఎన్ని అని లెక్క పెట్టండి. మూడూ వేర్వేరు అంకెలు. మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆడపిల్లకు నాలుగేళ్ల బస్సు ఖర్చు మిగులుతుంది, దానికి తగ్గట్టే బస్సులు కిక్కిరిసి వస్తాయి. తెలంగాణ అడ్రసున్న గుర్తింపు కార్డు చూపిస్తేనే జీరో టికెట్. ఆంధ్రా, మహారాష్ట్ర అడ్రసు ఆధార్ ఉన్న అమ్మాయి టికెట్ కొనాలి లేదా స్టూడెంట్ పాస్ తీసుకోవాలి. ఇది మొదటి రోజు కండక్టర్ దగ్గర తెలిసి గొడవపడే కన్నా ముందే తెలుసుకుంటే మంచిది.

ఈ వైపు గదులు కొత్తవి, గాలి, వెలుతురు బాగుంటాయి, కిరాయికి వచ్చే జాగా ఎక్కువ. కానీ దుకాణాలు దూరం దూరం. రాత్రి జ్వరం వస్తే మందుల షాపు ఎంత దూరం, అది ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది అన్నది గది కన్నా ముందు చూడాలి. పదికి ఆరున్నర. రోడ్డు పని అయిపోయి దీపాలు పడితే ఏడున్నర వేయొచ్చు.

ఎంజీఎం చుట్టూ

కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959దే. ఎంజీఎం ఆస్పత్రి దాని బోధనాసుపత్రి. ఇక్కడ రాత్రీ పగలూ మనుషులుంటారు, చాయ్ ఉంటుంది, మందుల షాపు తెరిచే ఉంటుంది. రాత్రి డ్యూటీ దిగి రెండింటికి నడిచివచ్చే హౌస్ సర్జన్‌కు అదే భద్రత. బదులుగా హారన్లు, అంబులెన్సులు, పేషెంట్ల అటెండెంట్లతో నిండిన ఫుట్‌పాత్. నిద్ర తేలికైనవాళ్లు రోడ్డు వైపు కిటికీ ఉన్న గది తీసుకోవద్దు. చదువుకు నిశ్శబ్దం కావాలనుకునే మొదటి ఏడాది పిల్లలకు ఆరు, హౌస్ సర్జన్లకు ఎనిమిది.

హాస్టల్లో ఏం చూడాలి

అన్ని వైపులా వర్తించేది ఇది, ఎక్కువ మోసపోయేదీ ఇక్కడే. ముందు నేరుగా పైకి, డాబా మీదికి పోండి. నల్లటి నీళ్ల ట్యాంకులు లెక్కపెట్టండి. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది సర్కారు లెక్క. అరవై మంది ఉంటే 8,100 లీటర్లు. పైన వెయ్యి లీటర్ల ట్యాంకులు మూడే ఉంటే రోజుకు మూడుసార్లకు తక్కువ కాకుండా మోటరు వేయాలి. కరెంటు పోయినా, ఏప్రిల్‌లో బోరు అడుగంటినా పొద్దున ఏడింటికి నల్లాలో గాలే వస్తుంది. ట్యాంకర్ తెప్పిస్తారా, దాని డబ్బు ఎవరిది అని అప్పుడే అడగండి. ట్యాంకు మూతలు కూడా చూడండి. చుట్టూ గుట్టలున్న ఊరు, కోతులు మూత తీసి స్నానం చేసి పోతాయి. మూతకు తీగ కట్టో రాయి పెట్టో ఉంటే ఓనర్‌కు బాధ్యత ఉన్నట్టు.

దిగేటప్పుడు బాత్రూములు. ఒకదానికి పది మంది, మనిషికి పన్నెండు నిమిషాలు అనుకుంటే రెండు గంటలు. తొమ్మిదింటి క్లాసుకు ఏడింటి నుంచి లైను. ఆరుగురికి ఒకటి ఉంటే సర్దుకుపోవచ్చు. గదిలో మంచాల లెక్క ఇంకా తేలిక: పది అడుగుల చదరం గది అంటే వంద చదరపు అడుగులు, మంచం ఆరు బై మూడు అంటే పద్దెనిమిది. మూడు మంచాలకు 54 పోతుంది, ఒక బల్ల పడుతుంది. నాలుగో మంచం వేస్తే 72. తలుపు తెరవడానికి, నడవడానికి పోగా చదువుకునే జాగా మంచమే. "ఫోర్ షేరింగ్" రేటు తక్కువని ఒప్పుకునే ముందు ఆ నాలుగో మంచం మీద కూర్చుని చూడండి.

పై అంతస్తులో రేకుల గది ఇస్తామంటే ఎంత తగ్గించినా వద్దు. మేలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలే, సెమిస్టర్ పరీక్షలు పడేదీ ఎండాకాలంలోనే. కూలర్ పెట్టుకుంటామంటే గదికి ఎదురెదురు కిటికీలుండాలి. గాలి బయటికి పోయే దారి లేకపోతే కూలర్ గదిని చల్లబరచదు, తడిపేస్తుంది. గోడలకు బూజు, ఒంటికి జిగట. గదికి వేరే కరెంటు సబ్‌మీటర్ ఉంటే చేరిన రోజు రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి. 200 వాట్ల కూలర్ పది గంటలు నడిస్తే రెండు యూనిట్లు, 2,000 వాట్ల గీజర్ పావుగంటకు అర యూనిట్. ఈ లెక్క మీ దగ్గరుంటే నెల చివర వచ్చే అంకె సరైందో కాదో తెలుస్తుంది. కూలర్ నీళ్లు వారానికోసారి పారబోయాలి. వానాకాలంలో డెంగీ దోమ పెరిగేది అందులోనే, కుట్టేది పగలు. కిటికీ జాలీ కోతులకు, దోమలకు రెండిటికీ పనికొస్తుంది, చిరిగి ఉంటే చేరకముందే మార్పించండి. చేరాక ఎవరూ మార్చరు.

మెట్లు చూడటం చాలామంది మరచిపోతారు. ఒకే మెట్ల దారి ఉండి, కింద వంట గ్యాస్ సిలిండర్లు ఆ మెట్ల కిందే పెట్టి, రాత్రి చానల్ గేటుకు తాళం వేస్తే, ఆ హాస్టల్ ఎంత చవకైనా వదిలేయండి. మంట మొదలైతే పైవాళ్లకు దారి ఉండదు. తాళం వేయడం తప్పు కాదు, ఆడపిల్లల హాస్టల్లో అవసరం కూడా. తాళంచెవి రాత్రి లోపల ఎవరి దగ్గర ఉంటుంది అన్నదే ప్రశ్న. "వార్డెన్ దగ్గర" అంటే వార్డెన్ రాత్రి ఎక్కడ పడుకుంటుందో అడగండి.

తిండికి ఆదివారం పోవద్దు. ఆదివారం చికెన్ ఏ హాస్టల్లోనైనా బాగుంటుంది. బుధవారం రాత్రి ఎనిమిదింటికి పోయి పప్పు చూడండి, అన్నం మెతుకు చూడండి, మజ్జిగ తాగండి. చివర తినేవాడి పళ్లెంలో కూర ఉందో లేదో చూడండి. ఆర్‌ఓ మిషను మీద సర్వీసు తేదీ స్టిక్కర్ ఉంటుంది. ఏడాది దాటితే ఫిల్టర్ పేరుకే. కారానికి భయపడే పిల్లలుంటే ఒక ఊరట: రంగు చూసి బెదరక్కర్లేదు. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట మిర్చి ఎర్రగా మెరుస్తుంది గానీ మంట తక్కువ. మెస్ నచ్చని రాత్రి రోడ్డు పక్క జొన్నరొట్టెలు కాల్చే అమ్మలుంటారు, సర్వపిండి దొరికే చోట్లూ ఉన్నాయి. గది చుట్టూ ఇలాంటివి రెండు మూడు ఉంటే మెస్‌కు ఒక మార్కు తగ్గినా నష్టం లేదు.

అడ్వాన్సు నోటు కట్టల్లో ఇవ్వొద్దు. యూపీఐలో పంపి, కింద "అడ్వాన్సు, తిరిగి ఇవ్వాల్సింది" అని రాయండి. ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రంగులకు ఎంత కోస్తారు, మే నెల సెలవుల్లో గది పెట్టుకుంటే పూర్తి కిరాయా సగమా, ఈ మూడూ చేరే రోజే కాగితం మీద ఉండాలి. నోటిమాట జూన్‌లో ఒకటి, మార్చిలో ఇంకోటి.

ఓనర్‌ను అడగాల్సినవి అయ్యాక బయట ముగ్గురిని అడగండి. మందుల షాపులో: ఆగస్టులో ఈ గల్లీలో జ్వరాలెట్లుంటాయి? ఆటో అడ్డా మీద: రాత్రి పదింటికి కాజీపేట స్టేషన్‌కు ఎంత తీసుకుంటావన్నా? జిరాక్స్ దుకాణంలో: పిల్లలు ఏ హాస్టల్ నుంచి ఎక్కువ ఖాళీ చేసి పోతున్నారు? మూడో ప్రశ్నకు జవాబు నవ్వుతూ వస్తుంది, కానీ వస్తుంది. ర్యాగింగ్ భయముంటే 1800-180-5522 జాతీయ హెల్ప్‌లైన్, దారిలో ఎవరైనా వేధిస్తే 100 లేదా పోలీసుల షీ టీమ్. పిల్లల ఫోన్‌లో సేవ్ చేసి ఇంటికి బయల్దేరండి.

బాసర: గేటు బయట ఏమీ లేని చోటు

ఉత్తర తెలంగాణలో ఇంకొక రకం క్యాంపస్ ఉంది. అందరూ ట్రిపుల్ ఐటీ అనే, 2008లో మొదలైన బాసర ఆర్‌జీయూకేటీ, నిర్మల్ జిల్లాలో గోదావరి దగ్గర. పదో తరగతి మార్కులతో చేర్చుకుని ఆరేళ్లు, అంటే రెండేళ్లు ఇంటర్ స్థాయి, నాలుగేళ్లు బీటెక్, లోపలే ఉంచుతారు. పైన చెప్పిన కొలతలు ఇక్కడ పనిచేయవు. కిరాయి గది ప్రశ్నే లేదు, కర్రీ పాయింటు ఉన్నా లేకపోయినా ఒకటే. ఇక్కడ చేరేది పదిహేనేళ్ల పిల్లలు. చూడాల్సింది బయటికి పోవడానికి ఔట్‌పాస్ ఎవరు ఇస్తారు, ఎంతసేపట్లో; రాత్రి డాక్టర్ ఉంటాడా; పెద్ద ఆస్పత్రి అవసరమైతే నిజామాబాద్ ముప్పై కిలోమీటర్ల పైమాటే కాబట్టి క్యాంపస్‌లో అంబులెన్సు తిరిగే స్థితిలో ఉందా.

ఊరు చిన్నది, జ్ఞాన సరస్వతి గుడి చుట్టూ తిరుగుతుంది. వసంత పంచమికి, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున అక్షరాభ్యాసాలకు జనం పోటెత్తుతారు. ఆ రోజుల్లో పిల్లల్ని చూడడానికి పోతే గది దొరకదు, రైల్లో నిలబడే జాగా ఉండదు. నిజామాబాద్–ముద్ఖేడ్ లైన్లో బాసర స్టేషన్ ఉంది, అదే పెద్ద సౌకర్యం. వరంగల్ వైపు నుంచి పోయేవాళ్లు ఒక్కరోజులో చూసి రావాలనుకోవద్దు, రాత్రి నిజామాబాద్‌లో ఆగేట్టు పెట్టుకోండి. చుట్టుపక్కలకు మార్కులు వేయాలంటే ఐదు. కానీ పిల్లవాడికి ఒంటరితనం అలవాటా కాదా అన్నదాన్ని బట్టి ఆ ఐదు ఎనిమిదీ కావచ్చు, రెండూ కావచ్చు. దసరా సెలవులకు ఇంటికొచ్చిన మీ ఊరి సీనియర్‌ను పిలిచి, ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా అక్కడ ఏం చేస్తారో అడగండి.